+7 ఉన్న యోధుడి వేటు ఎందుకు తప్పుతోంది? ఇరవై ముఖాల పాచిక లెక్క

మీరు రాసింది కుదిస్తే ఇదీ సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు ధరించి పాచికలతో ఆడే కథల ఆటలో మీ పాత్ర అయిదో స్థాయి యోధుడు, బలం 18, దాడికి +7. అయినా కిందటి పోరాటంలో, నిండు ఇనుప కవచం తొడిగిన కాపలాదారు మీద, వరసగా ఆరు వేట్లు గాలిలో కలిసిపోయాయి. తర్వాత ఇరుక్కుపోయిన రాతి తలుపు మీ భుజానికి కదల్లేదు కానీ, బక్కపలచని మంత్రగాడు తోస్తే తెరుచుకుంది. చివరగా రాజును సింహాసనమే అడిగి 20 వేస్తే, గేమ్ మాస్టర్ (కథ చెబుతూ ఆట నడిపే ఆయన) నవ్వి కుదరదన్నారు. తప్పు పాచికదా, నిబంధనలదా, ఆట నడిపే ఆయనదా అని మీ ప్రశ్న.

పద్నాలుగేళ్లుగా ఈ ఆటలు ఆడుతున్నాను, అందులో ఎక్కువ కాలం గేమ్ మాస్టర్ కుర్చీలోనే గడిచింది. మీ ఫిర్యాదు నాకు కొత్త కాదు, ఒకప్పుడు నాదీ అదే. ఆరు వేట్లకు కారణం మామూలు దురదృష్టం. తలుపుకు కారణం ఇరవై ముఖాల పాచిక స్వభావం. సింహాసనం విషయంలో మీ గేమ్ మాస్టర్‌దే ఒప్పు. అయితే తలుపు దగ్గర మాత్రం ఆయన పాచిక వేయించిన తీరు నాకు నచ్చలేదు, అది తర్వాత చెబుతాను.

మీరు ఆడుతున్నది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ అన్నారు కాబట్టి అంకెలన్నీ 2014లో వచ్చిన దాని నిబంధనల నుంచే తీసుకుంటాను. అందులో ప్రయత్నం ఏదైనా సూత్రం ఒకటే. ఇరవై ముఖాల పాచిక వేయాలి, పడిన అంకెకు బోనస్ కలపాలి, మొత్తం లక్ష్యసంఖ్యను అందుకుంటే గెలిచినట్టు. సమానమైనా గెలుపే. కొత్తవాళ్లు ఈ ఒక్క ముక్క మరిచిపోయి చేతికందిన గెలుపును వదిలేసుకోవడం చాలాసార్లు చూశాను. దాడిలో లక్ష్యసంఖ్య అంటే ఎదుటివాడి ఆర్మర్ క్లాస్, అతనికి వేటు తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె. తలుపులు, తాళాలు, గోడలెక్కడం వంటి వాటికి గేమ్ మాస్టర్ ఒక డీసీ (పని ఎంత కష్టమో చెప్పే లక్ష్యసంఖ్య) పెడతారు: తేలికైతే 10, మధ్యస్థమైతే 15, కష్టమైతే 20. మంటో విషమో మీ మీదికి వచ్చినప్పుడు తప్పించుకోవడానికి వేసేది సేవింగ్ త్రో. పేరు వేరే కానీ లెక్క అదే.

మీ +7 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూద్దాం. బలం 18లోంచి 10 తీసేసి సగం చేస్తే +4. అయిదో స్థాయిలో ప్రావీణ్యానికి +3. రెండూ కలిస్తే 7. కాపలాదారు నిండు కవచానికి ఆర్మర్ క్లాస్ 18. అంటే మీకు 11 గానీ అంతకు మించి గానీ పడాలి. ఇరవై ముఖాల్లో పది మీవి, పది అతనివి. +7 అన్న అంకె కాగితం మీద ఎంత గంభీరంగా కనిపించినా, ఆ కవచం ముందు అది నాణెం ఎగరేయడంతో సమానం.

(ఈ సూత్రం ఇంత సూటిగా మొదటి నుంచీ లేదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ఆట 1974లో వచ్చింది. తొలి దశాబ్దాల్లో దాడికి పట్టిక చూసుకోవాల్సి వచ్చేది, కవచం మెరుగయ్యేకొద్దీ దాని అంకె తగ్గేది, దొంగ పాత్ర తాళం తీయాలంటే నూటికి ఇంత అని వేరే పాచికలు వేయాల్సి వచ్చేది. 2000లో మూడో ఎడిషన్ వీటన్నిటినీ ఒకే పాచిక కిందికి తెచ్చింది. పాత పద్ధతిని ఇష్టపడేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను ఆ జాబితాలో లేను.)

సగం సగం అవకాశంతో ఆరు వేట్లు వరసగా తప్పాలంటే రెండును ఆరుసార్లు గుణించి చూడండి, 64లో ఒకసారి. వినడానికి అరుదే. కానీ వారానికొక పోరాటం చొప్పున ఏడాదికి యాభై పోరాటాలు, బల్ల చుట్టూ అయిదుగురు, ఒక్కొక్కరూ పోరాటానికి ఆరేసి సార్లు ఇలాంటి వేట్లే వేస్తారనుకోండి. అవి 250 వరసలు. 64తో భాగిస్తే దాదాపు నాలుగు. అంటే ఏడాదిలో సుమారు నాలుగుసార్లు మీ గుంపులో ఎవరో ఒకరు ఆరుకు ఆరూ పోగొట్టుకుంటారు. ఈసారి వంతు మీది. ఇక ఆరు తప్పాయి కాబట్టి ఏడోది తగిలి తీరుతుందని మాత్రం అనుకోకండి. ఏడో వేటుకూ అదే యాభై శాతం.

ఇప్పుడు తలుపు సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ఇరవై ముఖాల పాచికలో 1 పడే అవకాశం ఎంతో 10 పడే అవకాశమూ అంతే, 20 పడే అవకాశమూ అంతే: అయిదు శాతం. మిట్టా పల్లమూ లేని చదును నేల. మామూలు ఆరు ముఖాల పాచికలు మూడు వేసి కలిపితే ఇలా ఉండదు. అవి 216 రకాలుగా పడవచ్చు. మొత్తం 18 రావాలంటే మూడూ ఆరులే కావాలి, ఒక్కటే దారి. 10 రావడానికి 27 దారులున్నాయి, 11కూ 27. ఫలితాలు మధ్యలో గుట్టగా పోగుపడి అంచుల్లో పలచబడతాయి. చిత్రమేమిటంటే రెండు పద్ధతుల సగటూ ఒకటే, 10.5. సగటు ఒకటే అయినా ఆటలో వాటి ప్రవర్తనకు పొంతన ఉండదు.

ఎలాగో మీ తలుపు దగ్గరే చూపిస్తాను. డీసీ 15 అనుకుందాం. మీకు అథ్లెటిక్స్‌లో ప్రావీణ్యం ఉంది కాబట్టి ఇక్కడా +7, 8 పడితే చాలు: 65 శాతం. మంత్రగాడి బలం 8, అంటే అతనికి ఒకటి తగ్గుతుంది, 16 పడాలి: 25 శాతం. మీరు ఓడి అతను గెలవాలంటే 35 శాతాన్ని 25 శాతంతో గుణించాలి. 8.75 శాతం వస్తుంది. ఇలాంటి తలుపులు పదకొండు ఎదురైతే ఒకదాని దగ్గర పహిల్వాను పక్కకు తప్పుకుని, పుస్తకాల పురుగు తలుపు తీయడం చూడాల్సి వస్తుందన్నమాట. అదే తలుపును, అవే బోనస్‌లతో, మూడు ఆరు ముఖాల పాచికలతో తోయించండి. మీ అవకాశం దాదాపు 84 శాతానికి పెరుగుతుంది, అతనిది అయిదు శాతం కూడా ఉండదు. ఆ తలకిందుల ఫలితం 133 తలుపులకు ఒకసారి వస్తుంది.

కాబట్టి మీ +7ను విడిగా చూడకండి. పాచిక 1 నుంచి 20 దాకా ఊగుతుంది. ఆ ఊపు పక్కన మీకూ మంత్రగాడికీ మధ్య ఉన్న తేడా ఎనిమిదే. ఎనిమిది చాలా పెద్ద తేడా, అయినా పందొమ్మిది మెట్ల ఊపు దాన్ని అప్పుడప్పుడు మింగేస్తుంది. 1986లో వచ్చిన గర్ప్స్ అనే ఆట మూడు ఆరు ముఖాల పాచికల మీదే నడుస్తుంది (అక్కడ తక్కువ పడితేనే మంచిది). నైపుణ్యం ఉన్నవాడు నైపుణ్యం ఉన్నవాడిలా కనిపించాలని గట్టిగా కోరుకునేవాళ్లకు ఆ పద్ధతి బాగుంటుంది. పోరాటంలో మాత్రం నాకు చదును పాచికే ఇష్టం. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోయే పోరాటం చప్పగా ఉంటుంది.

మరి మీ గుంపు ఏం చేసి ఉండాల్సింది? మీరు విడిగా, మంత్రగాడు విడిగా వేయడం కాకుండా, అతను మీ పక్కన భుజం కలిపి ఉండాల్సింది. నిబంధనల్లో దీన్ని హెల్ప్ అంటారు. సాయం అందినవారికి అడ్వాంటేజ్ వస్తుంది, అంటే ఇరవై ముఖాల పాచికలు రెండు వేసి పెద్దది తీసుకోవచ్చు. మీరు ఓడాలంటే రెండూ 8 కన్నా తక్కువ పడాలి. 35 శాతంలో 35 శాతం, 12.25. మీ గెలుపు 65 నుంచి ఒక్కసారిగా 87.75 శాతానికి చేరుతుంది. మంత్రగాడి బక్క భుజానికి అంతకన్నా మంచి ఉపయోగం లేదు.

పోరాటంలోనూ ఇదే మందు. కాపలాదారును ఎవరైనా కింద పడేస్తే, పక్కనే నిలబడి వేసే వేటుకు అడ్వాంటేజ్ ఉంటుంది. మీ యాభై శాతం డెబ్బై అయిదు అవుతుంది. అలా వరసగా ఆరు తప్పాలంటే 4096లో ఒకసారి. అడ్వాంటేజ్ అంటే +5తో సమానం అని చాలామంది చెబుతారు. అది సగం నిజం. సగం సగం అవకాశం ఉన్న చోట అది నిజంగానే అయిదు మెట్లు. 20 పడితే తప్ప తగలని చోట మాత్రం 5 శాతం 9.75 అవుతుంది, ఒక మెట్టు కూడా పూర్తిగా లేదు. డిసడ్వాంటేజ్ దీనికి అద్దంలో ప్రతిబింబం, రెండింటిలో చిన్నది తీసుకోవాలి. 20 కావలసిన చోట డిసడ్వాంటేజ్ వచ్చిందంటే అవకాశం 400లో ఒకసారే మిగులుతుంది. మీ గుంపులో క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి పాత్ర) ఉంటే బ్లెస్ మంత్రం అడగండి. దాడికో సేవింగ్ త్రోకో వేసిన ప్రతిసారీ ఒక నాలుగు ముఖాల పాచిక అదనంగా కలుస్తుంది. సగటున రెండున్నర, అంటే పన్నెండున్నర శాతం. ఎవరూ పట్టించుకోని ఆ చిన్న పిరమిడ్ పాచిక ఆ కాపలాదారు మీద మీ కత్తికన్నా ఎక్కువ పని చేసేది.

సింహాసనం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 20 పడితే చాలు తగిలినట్టే, 1 పడితే తప్పినట్టే అన్న నిబంధన దాడులకు మాత్రమే. రాజును ఒప్పించడం, గోడ దూకడం వంటి ప్రయత్నాల్లో 20 అంటే ఇరవయ్యే, దానికి మీ బోనస్ కలుస్తుంది, అంతే. డీసీని అందకపోతే ఓటమే. ప్రతి 20నూ అద్భుతంగా లెక్కించే బల్లలు ఉన్నాయి, అది వాళ్ల ఇంటి నిబంధన. రాజు కిరీటం తీసి ఇవ్వడం జరగని పని అనుకుంటే గేమ్ మాస్టర్ ఆ మాట ముందే చెప్పవచ్చు. లేదా ఓటమి ఎంత మర్యాదగా ఉంటుందో తేల్చడానికి పాచిక వేయించవచ్చు. 20 పడితే రాజు పగలబడి నవ్వి మీ ధైర్యానికి ఉంగరం ఇస్తాడు. 1 పడితే రాత్రి బస చెరసాలలో. ఆయన వేయించాక నవ్వి ఊరుకున్నారు కాబట్టి మీకు కష్టంగా అనిపించింది. ఉంగరమైనా ఇచ్చి ఉండాల్సింది.

ఇక్కడే తలుపు దగ్గర నాకు నచ్చని విషయం చెబుతాను. ఆట మొదలుపెట్టిన రోజుల్లో నేనూ అదే పొరపాటు చేశాను. ఒక హత్య కథ రాసుకున్నాను. హంతకుడి ఆచూకీ అంతా గ్రంథాలయంలో ఒక నేలపలక కింద దాచిన ఉత్తరంలో ఉంది. వెతకడానికి డీసీ 15 పెట్టాను. నలుగురూ వేశారు, నలుగురూ ఓడారు. అసలే కొత్తవాణ్ణి, నిబంధన నిబంధనే అని బిగదీసుకు కూర్చున్నాను. రెండు గంటల పాటు నలుగురూ ఖాళీ గదుల్లో తిరిగారు, నేను ఏ గదిలో ఏ కుర్చీ ఉందో వర్ణించుకుంటూ పోయాను. చివరికి నౌకరు ఒకడు పరిగెత్తుకొచ్చి ఉత్తరం చేతిలో పెట్టాడు, అంటే నేనే పెట్టాను. అప్పటి నుంచి పాచిక వేయించే ముందు ఒకటి సరిచూసుకుంటాను: ఇది ఓడిపోతే తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసా? తెలియకపోతే వేయించను. మీ రాతి తలుపు అలాంటిదే. కథ దాని అవతల ఉంటే, బలం 18 ఉన్నవాడికి అది ఎలాగూ తెరుచుకోవాలి. పాచిక తేల్చాల్సింది ఎంతసేపు పట్టింది, ఎంత చప్పుడైంది, ఆ చప్పుడుకు లోపల ఎవరు నిద్రలేచారు అన్నది. మీ గేమ్ మాస్టర్‌కు ఈ మాట నెమ్మదిగా చెప్పండి, ఆట మధ్యలో కాదు.

తగిలిన వేటు ఎంత నష్టం చేసిందో తేల్చే దెబ్బ పాచికల గురించి మీరు అడగలేదు కానీ, పెద్ద గొడ్డలికి మారాలనుకుంటున్నట్టు రాశారు కాబట్టి ఒక మాట. పెద్ద కత్తి గ్రేట్‌సోర్డ్ దెబ్బ రెండు ఆరు ముఖాల పాచికలు, సగటు 7. గొడ్డలి గ్రేట్‌ఆక్స్ దెబ్బ ఒక పన్నెండు ముఖాల పాచిక, సగటు 6.5. అరపాయింటు తేడా అని తీసిపారేయకండి. ఆ నిబంధనల్లో మామూలు గోబ్లిన్ అనే చిన్న రాక్షసికి ఏడు హిట్ పాయింట్లు, అంటే అన్ని పాయింట్ల దెబ్బ తగిలితే చస్తుంది. మీ బలం నుంచి +4 ఎలాగూ కలుస్తుంది కాబట్టి తగిలిన వేటుకు అది చావాలంటే పాచికల మీద 3 వస్తే చాలు. కత్తితో రెండు ఒకట్లు పడితే తప్ప అది బతకదు, 36లో ఒకసారి. గొడ్డలితో 1 పడినా 2 పడినా బతికిపోతుంది, ఆరింటిలో ఒకసారి. గొడ్డలి గొప్ప అంచుల్లో ఉంది. దానికి పూర్తి 12 పన్నెండింటిలో ఒకసారి పడుతుంది, కత్తికి 36లో ఒకసారే. మీరు నమ్మకస్తుడైన యోధుడా, వీరావేశం ఉన్నవాడా అన్నది మీ ఇష్టం. నేనైతే కత్తే పట్టుకుంటాను. దాడిలో 20 పడి క్రిటికల్ అయితే రెట్టింపయ్యేవి పాచికలే, +4 రెట్టింపు కాదు. కత్తికి నాలుగు పాచికలు వేసి చివర ఒక్కసారే నాలుగు కలపాలి.

పాచికల సంఖ్య పెరిగేకొద్దీ ఊపు తగ్గుతుందనడానికి మంత్రగాళ్లు విసిరే ఫైర్‌బాల్ అనే నిప్పుముద్ద మంత్రం మంచి ఉదాహరణ. ఎనిమిది ఆరు ముఖాల పాచికలు, 8 నుంచి 48 దాకా ఎంతైనా రావచ్చు. కానీ నాలుగుసార్లలో దాదాపు మూడుసార్లు 23 నుంచి 33 మధ్యలోనే పడుతుంది. ఎనిమిదీ ఆరులే పడాలంటే 16,79,616లో ఒకసారి. మంత్రగాళ్లు ఎప్పుడూ ధీమాగా కనిపించడానికి కారణం ఇదేనని నా అనుమానం.

మిగిలింది పాచిక మీద అనుమానం. మీ బల్ల మీద శకుని పాచికలు ఉన్నాయని నేననుకోను. ఉప్పునీళ్లలో తేలించి ఏ ముఖం పదేపదే పైకి వస్తుందో చూసే పద్ధతి ఉంది. లోపల గాలిబుడగ ఉండి బరువు ఒక పక్కకు ఒరిగితే అది బయటపడుతుంది, అంచులు అరిగిన పాచికకు ఆ పరీక్ష పనికిరాదు. వందసార్లు వేసి రాసుకుంటే తేలిపోతుందని కూడా కొందరంటారు. వందలో ఒక్కో ముఖం సగటున అయిదుసార్లు పడాలి, కానీ నిజాయితీ గల పాచికలోనే ఒకటి రెండుసార్లు, మరొకటి తొమ్మిదిసార్లు పడడం మామూలు. ఏమైనా తేలాలంటే కనీసం వెయ్యిసార్లు వేసే ఓపిక కావాలి. కంప్యూటర్ పాచికల మీద కూడా జనానికి ఇదే అనుమానం. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ఆటలో, గెలుపోటములు మరీ వరసగా రాకుండా సర్దే కర్మిక్ డైస్ అన్న అమరికే పెట్టారు. నిజమైన పాచికను జనం నమ్మలేరని ఆట తయారుచేసినవాళ్లకూ తెలుసు. వద్దనుకుంటే దాన్ని ఆపేయవచ్చు.

అయితే ఒకటి మాత్రం ఇవాళే చూడండి. మీ పాచికను కార్డుల ఆట డబ్బాలోంచి తీసుకున్నానని రాశారు. అలాంటి డబ్బాల్లో ఒక్కోసారి ప్రాణాలు లెక్కపెట్టుకోవడానికి చేసిన ఇరవై ముఖాల పాచిక ఉంటుంది. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. 20 ఉన్న ముఖాన్ని పైకి పెట్టి దాన్ని ఆనుకుని ఉన్న ముఖాలు చదవండి. పక్కనే 19, దాని పక్కనే 18 ఇలా వరసగా దిగుతూ ఉంటే అది లెక్కకు చేసినది. పెద్ద అంకెలన్నీ ఒక వైపు, చిన్నవన్నీ ఇంకో వైపు చేరి ఉంటాయి కాబట్టి, చేతిలోంచి మెల్లగా జారవిడిచే అలవాటు ఉంటే ఫలితం ఒక పక్కకు వాలుతుంది. ఆటకు చేసిన పాచికలో పెద్దవీ చిన్నవీ కలగలిసి ఉంటాయి, ఎదురెదురు ముఖాలు కలిపితే 21 వస్తుంది. మీది మొదటి రకమైతే దాన్ని హిట్ పాయింట్ల లెక్కకు ఉంచుకుని, కాపలాదారు మీదికి వెళ్లేటప్పుడు మంత్రగాడి పాచిక అడిగి తీసుకోండి.